కాలువ కట్టినప్పటి ఆట

పోకర్ టోర్నమెంట్లలో రీబై అని ఒక ఏర్పాటు ఉంటుందని ఈమధ్య రైల్లో ఎదురు సీటులో కూర్చున్న యువకుడు నాకు ఓపిగ్గా బోధించాడు. చిప్సు అయిపోయినవాడు లేచి ఇంటికి పోనక్కర్లేదట. మళ్ళీ చిప్సు కొనుక్కుని అదే బల్ల దగ్గర, అదే ఆటలో కూర్చోవచ్చునట. అయితే ఆ వీలు ఆఖరిదాకా ఉండదు, ఒక హద్దు దాటాక తలుపు మూసేస్తారట. "మీ కాలంలో ఇలాంటివి ఉండేవి కాదు కదండీ" అన్నాడు. నేను వాదించకుండా వదిలేసిన మాటలు చాలా తక్కువ. కాని అప్పుడే రైలు గోదావరి మీదికి వచ్చింది. కింద అంత నీరు చూస్తూ ఉంటే, చుక్క నీరు లేని ఒక కాలువ నా కళ్ళ ముందుకి వచ్చింది. అతనికి జవాబు చెప్పడం మరిచిపోయాను.

ఆ కాలువ ముక్తేశ్వరానికి కాస్త ఇవతల, మా అత్తగారి ఇంటి పెరటి వెనక ఉండేది. ఏడాదిలో ఎక్కువ నెలలు నిండుగా పారేది. వేసవి రాగానే ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేసేవాళ్ళు. దాన్నే ఊళ్ళో కాలువ కట్టడం అంటారు. మూడు నాలుగు రోజుల్లో నీరు లాగేసి, అడుగున బురద పెచ్చులు కట్టి, పడవలు ఎక్కడివక్కడ పక్కకి ఒరిగి నిద్రపోయేవి. నేను కోడలిగా వచ్చింది డెబ్బైల చివర. దండలు మార్చుకుని, రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టి చేసుకున్న పెళ్ళి మాది. మా నాన్న నన్ను పదేళ్ళ వయసు నుంచి చర్చా సభలకి తీసుకువెళ్ళి పెంచిన మనిషి. ఎదుటివాళ్ళ వాదంలో బలహీనమైన చోటు ఎక్కడుందో వెతకడం నాకు అన్నం కలుపుకోవడంతో పాటే అలవాటైంది. పేకాట మీద కూడా ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉండేది నా దగ్గర.

ఆ ఉపన్యాసం ఆ ఊళ్ళో ఉపయోగపడలేదు. ఎందుకంటే అక్కడ పేకాడేది ఆడవాళ్ళు, అదీ పైసా పెట్టకుండా.

కాలువ అవతలి గట్టు మీద టీచరుగారి ఇల్లు. ఆవిడ క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ఆ చుట్టుపక్కల చదువు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ వరండాలో ఆట. కాలువలో నీళ్ళున్నంత కాలం ఇవతలి ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళాలంటే బజారు మీదుగా, టీ దుకాణాల ముందు నుంచి నడిచి, వంతెన దాటి వెళ్ళాలి. పేకాటకి అలా ఎవరు వెళ్తారు? కాలువ కట్టేస్తే మాత్రం పెరటి గుమ్మంలోంచి దిగి, నాలుగు అడుగులు బురద పెచ్చుల మీద నడిచి, అవతల గట్టెక్కితే చాలు. మగవాళ్ళ కంట పడే పని లేదు. అందుకే ఆట వేసవిలోనే ఉండేది. కాలువ కట్టిన రోజున మొదలై, కాలువ వదిలిన రోజున ముగిసేది. అన్ని వారాలకీ కలిపి ఒకటే ఆట. గెలిచినావిడకి బహుమానం ఏమిటంటే, ఒక రోజంతా ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళక్కర్లేదు. మిగతావాళ్ళు వండిపెట్టాలి. ఇంతకన్నా న్యాయమైన బహుమానం ఏ పోటీలోనూ నేను వినలేదు.

ఆడేది పదమూడు ముక్కల రమ్మీ. కాగితం మీద లెక్క రాస్తే జూదంలా ఉంటుందని టీచరుగారికి పట్టింపు. చర్చి పెద్దలు ఎవరైనా వస్తే ఏం చెప్పాలి? అందుకని లెక్కకి బిళ్ళలు. అవి మా మావగారు చేసినవి. కొబ్బరి చిప్పని గుండ్రంగా కోసి, ఇసక రాతి మీద అరగదీసి, కొబ్బరినూనె పట్టించి ఎండలో పెట్టేవారు. చేతిలోకి తీసుకుంటే గోరువెచ్చగా, పసిపిల్ల మడమలా ఉండేవి. పాతికేసి బిళ్ళలు ఒక్కొక్కరికి. బిళ్ళకి పది పాయింట్లు. ఓడినవాళ్ళు తమ చేతిలో మిగిలిన ముక్కల లెక్క కట్టి, ఆ బిళ్ళలు ముక్కలన్నీ కలిసి షో చెప్పినావిడకి ఇచ్చుకోవాలి. జోకరు లేని వరస, అంటే అసలు రమ్మీయే పడకుండా దొరికిపోతే ఫుల్ కౌంటు, ఎనిమిది బిళ్ళలు పోయినట్టే. పంచిన ముక్కలు బాగా లేవనిపిస్తే ఆడకుండానే కింద పెట్టేయొచ్చు. అది డ్రాప్, రెండు బిళ్ళలతో పోతుంది. కొంత ఆడి మధ్యలో పెట్టేస్తే మిడిల్ డ్రాప్, నాలుగు.

బిళ్ళలన్నీ పోతే అవుట్. అవుటైనావిడ మళ్ళీ రావచ్చు, దాన్ని రీజాయిన్ అనేవాళ్ళు. దానికి రుసుం అందరికీ సరిపడా టిఫిను చేసి తేవడం. తెచ్చినా పాతిక బిళ్ళలూ ఇవ్వరు. ఆ సమయానికి ఆటలో అందరికన్నా తక్కువ ఎవరి దగ్గరున్నాయో, వాళ్ళతో సమానంగా ఇస్తారు. పైవాళ్ళ పక్కన కాదు, కిందివాళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాలి. ఇంకొక షరతు కూడా ఉంది. అవుటైనావిడ తిరిగి వచ్చే వేళకి, ఆటలో మిగిలినవాళ్ళలో ఎవరి దగ్గరైనా మూడు బిళ్ళల కన్నా తక్కువ ఉంటే రీజాయిన్ లేదు. తలుపు మూసేసినట్టే.

నేను చెప్పబోయే యేడు మాఘమాసంలో మా మావగారు పోయారు. కాలువ కట్టే వేళకి అత్తగారు పెరటి గదిలో కిటికీ పక్కన మంచం వేసుకుని ఉన్నారు. ఏడాది తిరిగేదాకా ఆవిడ గడప దాటకూడదన్నారు బంధువులు. నాకు ఒళ్ళు మండింది. మంచం పక్కన నిలబడి నేను చేసిన వాదాలు సభలో చేసి ఉంటే చప్పట్లు పడేవి. భార్య పోయిన మగవాడు పదకొండో రోజున బజారుకి వెళ్తున్నాడా లేదా? గడపకి ఏం తెలుసు, ఎవరి మొగుడు పోయాడో?

"ఆయ్. నువ్వన్నది నిజవేనమ్మాయ్" అనేవారు అత్తగారు.

"మరి లేవండి. టీచరుగారింటికి వెళ్దాం."

"ఆయ్."

అని అటు తిరిగి పడుకునేవారు. కాదన్నవాళ్ళని ఓడించడం నాకు వచ్చు. ఔనంటూనే కదలని మనిషిని ఏం చెయ్యాలో మా నాన్న నేర్పలేదు.

ఆట మొదలైంది. కిటికీలోంచి చూస్తే అవతలి గట్టున వరండాలో ముగ్గురు కనిపించేవాళ్ళు. టీచరుగారు, మా పక్కింటి పిన్నిగారు, కొబ్బరి వ్యాపారి భార్య అయిన అక్కయ్యగారు. నాలుగో చాప ఖాళీ. కాని ఆ ఖాళీ చాప ముందు కూడా ముక్కలు పంచుతున్నారు, బిళ్ళలు పేర్చారు! ఒక మధ్యాహ్నం నేను గబగబా కాలువ దిగి వెళ్ళాను. పోట్లాడదామనే వెళ్ళాను.

"రాని మనిషికి ముక్కలు వేసి, డ్రాప్ అని రెండేసి బిళ్ళలు లాక్కుంటున్నారు. ఇదేం న్యాయం?" అన్నాను.

టీచరుగారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "ముక్కలు వెయ్యకపోతే ఆవిడ లేనట్టేనండి అమ్మాయిగారూ. వేస్తే, ఉండి డ్రాప్ అయినట్టు. ఏది నయం?"

"రేపో ఎల్లుండో వదినగారు అవుటైపోతారు. అయితే ఏం? రీజాయిన్ ఉందిగా" అన్నారు అక్కయ్యగారు. మా అత్తగారు వాళ్ళకి వదినగారు.

"నుంచునే పోట్లాడతావేం తల్లీ? కూచుని పోట్లాడు. ముక్కలెయ్యమంటావా?" అన్నారు పిన్నిగారు.

అలా కూర్చున్నాను. ఆట ఇంకా మొదట్లోనే ఉంది గనక మావగారు అదనంగా చేసిపెట్టిన సంచీలోంచి నాకూ పాతిక బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చారు. అత్తగారి బిళ్ళలు నిజంగానే ఆ వారంలోనే అయిపోయాయి. ఆఖరి బిళ్ళ తీసేటప్పుడు టీచరుగారు కిటికీ వైపు చూసి, చేతులు జోడించి, "వదినగారు అవుటండీ. తలుపు తీసే ఉంది" అన్నారు. గాలికి చెప్పినట్టు చెప్పారు.

ఆ మధ్యాహ్నాలు నాకిప్పుడు ఒకదాన్నుంచి ఒకటి విడిపోవు. ఎండ వరండా దాకా వచ్చి, కొబ్బరాకుల నీడల్ని చాపల మీద పరిచి వెళ్ళిపోయేది. ఎక్కడో కాయలు వలుస్తున్న చప్పుడు నిద్రలో గుండె చప్పుడులా వినిపించేది. ఎవరో ఇస్పేటు రాణిని పడేసేవాళ్ళు, ఎవరో ఎత్తుకునేవాళ్ళు. కాలువలోంచి వచ్చే బురద వాసన, కాఫీ వాసన, నూనె పట్టిన బిళ్ళల వాసన కలిసి ఒక మత్తులా కమ్మేది. నేను హేతువాదిని. స్వర్గం లేదని చాలా పేజీలు రాశాను. కాని ఎవరైనా ఉందని రుజువు చేసి, అది ఎలా ఉండాలో నన్నే చెప్పమంటే, ఆ వరండా చూపిస్తాను.

మత్తులో కూడా నా బుర్ర ఊరుకోలేదు. ఎవరు ఏ ముక్క పడేశారు, ఏ ముక్క కోసం కాచుకున్నారు అని గుర్తుపెట్టుకోవడం వాదం వినడం లాంటిదే. నేను గెలవడం మొదలుపెట్టాను. అత్తగారి తరఫున గెలుస్తున్నానని నా ఉద్దేశం. సాయంత్రం ఇంటికి వచ్చి బిళ్ళల గుట్ట ఎంత పెరిగిందో చెప్పేదాన్ని.

"ఆయ్, మంచిదమ్మాయ్" అనేవారు. కాసేపటికి గోడ వైపు చూస్తూ, "పిన్నిగారి దగ్గరెన్ని ఉన్నాయేంటి?" అని అడిగేవారు. ప్రతి సాయంత్రం అదే ప్రశ్న. నా గుట్ట గురించి ఒక్కసారీ అడగలేదు.

ఒకరోజు ఆట అయ్యాక నేను గట్టు దిగబోతుంటే టీచరుగారు వెనకే వచ్చారు.

"చక్కగా ఆడతన్నారండి. ఒక్క ముక్క చెప్పనా?"

"చెప్పండి."

"మీరు ఎవరి బిళ్ళలు గెలుస్తున్నారు?"

"పిన్నిగారివే ఎక్కువ."

"పిన్నిగారి దగ్గర ఎన్ని మిగిలేయి?"

"అయిదు."

"అవి మూడు కన్నా కిందికి దిగితే?"

నేను అక్కడే బురద పెచ్చుల మీద నిలబడిపోయాను. నా కాలి కింద ఒక పెచ్చు చిట్లిన శబ్దం ఇప్పటికీ వినిపిస్తుంది. షరతు నాకు తెలుసు, కంఠతా వచ్చు. అత్తగారు రావలసిన తలుపుని రోజుకి కాస్త చొప్పున నేనే మూస్తున్నానన్నది మాత్రం తట్టలేదు. గెలిచేవాడు తన గుట్ట చూసుకుంటాడు, అందరికన్నా కింద ఎవరున్నారో చూడడు. సభల్లో నేను అందరికీ చెప్పే మాటే ఇది.

"ఆవిడ వస్తారంటారా?" అన్నాను.

"ఆవిడ రోజూ పిన్నిగారి లెక్క అడగతన్నారా లేదా?"

"అడుగుతున్నారు. మీకెలా తెలుసు?"

"నేనైతే అదే అడుగుతాను గనక."

మర్నాడు నేను డ్రాప్ అవడం నేర్చుకున్నాను. వాదంలో ఎన్నడూ చెయ్యని పని. పంచగానే రమ్మీ పడిన చేతిని కూడా బోర్లించి కింద పెట్టి, రెండు బిళ్ళలు తోసేశాను. టీచరుగారూ పెట్టేశారు. అక్కయ్యగారూ పెట్టేశారు. మిగిలినావిడ పిన్నిగారు ఒక్కరే గనక బిళ్ళలన్నీ ఆవిడవే. అప్పుడు వచ్చింది చిక్కు. ఆవిడకి ఆట అంతగా రాదు, రోషం మాత్రం నిండుగా ఉంది. డ్రాప్ అంటేనే అవమానమనుకునే మనిషి. ఎంత దరిద్రమైన చెయ్యి వచ్చినా ఆడి తీరేవారు.

"ఏవిటమ్మా, అందరూ డ్రాపే! నా మొహం చూస్తే జాలేస్తోందా మీకు?" అంటూ ఆ ఆరు బిళ్ళల్నీ మా మీదికి విసిరారు. "ముష్టి బిళ్ళలు నాకొద్దు. ఆడితే ఆడండి, లేపోతే లేచి పొండి."

"కోప్పడకండి పిన్నిగారూ. ముక్కలు అలా వచ్చేయండి" అన్నారు అక్కయ్యగారు.

"ముగ్గురికీనా? ఒక్కసారేనా? నా చెవుల్లో పువ్వులు కనిపిస్తన్నాయా?"

మళ్ళీ పంచారు. ఈసారి నిజంగానే ఆడాలి. నేను ఆవిడకి పనికొచ్చేలా కళావరు ముక్కలు పడేశాను, ఆవిడ ఒక్కటీ ఎత్తుకోలేదు. ఆవిడ దృష్టంతా డైమన్ల మీద ఉంది. ఇంతలో అక్కయ్యగారు షో చెప్పక తప్పలేదు. పిన్నిగారు చేతిలోని ముక్కలు లెక్కపెట్టి రెండు బిళ్ళలు ఇచ్చారు. ఆవిడ ముందు మూడు మిగిలాయి. ఆ పై ఆట ఏ కొంచెం ఓడినా తలుపు మూతపడుతుంది.

"ఇవాళ్టికి చాలండి. కళ్ళు లాగతన్నాయి" అని టీచరుగారు పేక దగ్గరికి తీసేశారు. సూర్యుడింకా కొబ్బరిచెట్ల నడుములు కూడా దిగలేదు.

తిరిగి వస్తుంటే గట్టు మీద కాలువ కాపలా చూసే లస్కరు సైకిలు ఆపి కేక వేశాడు. "అమ్మగారండీ! ఎల్లుండి నీళ్ళొదులుతారంటండి. పెరటి మెట్ల కాడ సామాన్లేవైనా ఉంటే తీయించేయండి."

ఎల్లుండి నీళ్ళు వస్తే దారి ఉండదు. ఇక బజారు మీదుగా, అందరి కళ్ళ ముందు నుంచి ఆవిడ రారు. ఆట ముగుస్తుంది. వచ్చే వేసవి సంగతి ఎవరికి తెలుసు? ఆ మంచం మనుషుల్ని ఎలా లోపలికి లాక్కుంటుందో నేను కొన్ని ఇళ్ళల్లో చూశాను.

అత్తగారు అడిగారు. "పిన్నిగారి దగ్గర?"

"మూడు. ఎల్లుండి కాలువ వదులుతారట."

ఈసారి ఔనని కూడా అనలేదు. నేను ఉపన్యాసం అందుకున్నాను. ఆచారం పేరుతో మనుషుల్ని గదుల్లో పాతిపెట్టడం గురించి, భయం ఎలా మతం వేషం వేస్తుందో దాని గురించి. ఆవిడ చాలాసేపు విని, చెయ్యి ఎత్తారు.

"ఆచారం కాదమ్మాయ్."

నేను ఆగిపోయాను.

"నీ పెళ్ళి రోజునే వదిలేసేను ఆచారాలు. బంధువులదేవుంది, ఓ పూట అరుస్తారు, భోంచేసి పోతారు." ఆవిడ తన అరచేతిలోకి చూసుకుంటున్నారు. "ఆ బిళ్ళలు... అంచులు గుచ్చుకుంటాయని ఒక్కోటీ ఆయన తన బుగ్గకి రాసి చూసేవోరు. గరుగ్గా ఉంటే మళ్ళీ అరగదీసేవోరు. ముట్టుకుంటే నా చెయ్యి ఊరుకుంటుందా అని."

నేను ఇన్నాళ్ళూ గడపతో పోట్లాడాను. అక్కడ గడప లేదు. పక్కన కూర్చున్నాను. కాలువ మీద ఎండ రంగు మారడం ఇద్దరం చూశాం. చాలాసేపటికి ఆవిడ, "పొట్టుమినప్పప్పు డబ్బా ఎక్కడ పెట్టేవు?" అన్నారు. చూపించాను. ఎందుకని అడగలేదు. అడగకపోవడం కూడా నేను అప్పుడే నేర్చుకుంటున్నాను.

మర్నాడు పొద్దున్న లేచేసరికి ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని పనసాకులు ముందు పోసుకున్నారు. నాలుగేసి ఆకుల్ని కొబ్బరీనెలతో గుచ్చి బుట్టలు కుడుతున్నారు. రుబ్బిన పిండి గిన్నెలో పొంగి ఉంది. ఆ బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్కలు అంటాం మేము. ఆ ఆకు వాసన ఇల్లంతా పట్టింది. మధ్యాహ్నం అవుతుండగా ఆవిడ తడి గుడ్డ కప్పిన వెదురుబుట్ట పట్టుకుని పెరటి గుమ్మం దాటారు. గట్టు దిగే చోట మావగారు వేయించిన కొబ్బరి మొద్దు మెట్టు మీద ఒక్క క్షణం ఆగారు. తర్వాత దిగారు. నేను వెనక నడిచాను. ఎండిన కాలువలో ఆవిడ తెల్లచీర వెలుగుతూ వెళ్తోంది. అది కలే అని ఎవరైనా అంటే ఇప్పుడు కూడా నేను గట్టిగా కాదనలేను.

వరండాలో ఎవరూ లేచి ఎదురు రాలేదు. అయ్యో అనలేదు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకోలేదు. టీచరుగారు నాలుగో చాపని చేత్తో దులిపారు.

"రీజాయినాండి వదినగారూ?"

"ఆయ్. రుసుం తెచ్చేను."

"వేడిగా ఉన్నాయా?" అన్నారు పిన్నిగారు, బుట్టలోకి తొంగి చూస్తూ. "మూడే ఇస్తారు, నాతో సమానం. నా పక్కనే కూచోండి, నష్టజాతకులం ఓ చోట ఉంటే బాగుంటుంది."

సంచీలోంచి మూడు బిళ్ళలు తీసి ఆవిడ ముందు పెట్టారు. అత్తగారు కాసేపు చూశారు. తర్వాత ఒక బిళ్ళ తీసుకుని, దాన్ని తన బుగ్గకి రాసుకున్నారు.

"నున్నగానే ఉంది" అన్నారు. "పంచండి."

పంచారు. నా ముక్కలు డ్రాప్ పెట్టేసి వెనక్కి జరిగాను గనక, ఆవిడ భుజం మీదుగా నాకు ముక్కలు కనిపిస్తున్నాయి. ఒకదానికొకటి సంబంధం లేని ముక్కలు, అన్నీ పెద్దవే, ఒక్క జోకరు లేదు. చిన్నపిల్లైనా డ్రాప్ అయిపోయే చెయ్యి అది. డ్రాప్ ఎప్పుడు అవాలో ఆ ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసినావిడ మా అత్తగారని అక్కయ్యగారు చాలాసార్లు చెప్పారు. ఉన్న మూడింటిలో రెండు పెట్టేస్తే ఒకటే మిగిలినా ఆటలో ఉంటారు.

"డ్రాపాండి?" అన్నారు టీచరుగారు.

"వేసవంతా డ్రాపే కదండీ" అన్నారు అత్తగారు. "ఆడతాను."

ఆడారు. పడేసిన ప్రతి ముక్కా నవ్వుతూ పడేశారు. పిన్నిగారు అటు ఇటు చూసి, ఒక డైమను ఎత్తుకుని, "షో!" అని చాప మీద చరిచారు. వేసవి మొత్తంలో ఆవిడ పోరాడి చెప్పిన మొదటి షో అదే. అత్తగారికి రమ్మీ పడలేదు, ఫుల్ కౌంటు. ఎనిమిది ఇవ్వాలి, ఉన్నవి మూడే. మూడూ తోసేసి, చేతులు దులుపుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వారు. అవి నవ్వుకి వచ్చిన నీళ్ళో కాదో నేను తేల్చదలుచుకోలేదు.

"కూచున్నంత సేపు లేదు, అవుటా!" అన్నారు అక్కయ్యగారు.

టీచరుగారు పిన్నిగారి ముందున్న బిళ్ళల వైపు చూశారు. ఇప్పుడవి బాగానే ఉన్నాయి. మూడుకి చాలా పైన.

"తలుపు తీసే ఉందండి వదినగారూ" అన్నారు. "కాలువ రేపు సాయంత్రానికి గాని నిండదు."

అత్తగారు ఖాళీ వెదురుబుట్ట ఒళ్ళోకి తీసుకుని, అంటుకున్న పనసాకు ముక్క ఒకటి ఊడదీస్తూ అడిగారు.

"అయితే రేపేం తెమ్మంటారు?"